2011 నాటి మపెట్స్ సినిమా నచ్చినా ఏదో వెలితి ఎందుకు మిగిలింది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్ళీ చెప్పి జవాబు మొదలుపెడతాను. చిన్నతనంలో మీ బాబాయిగారు విదేశం నుంచి తెచ్చిన వీడియో క్యాసెట్‌లో మపెట్స్ అనే అమెరికన్ చేతిబొమ్మలతో తీసిన మొదటి సినిమాను, 1979 నాటిదాన్ని, మీరు పదేపదే చూశారు. ఇన్నేళ్ళ తర్వాత, ఎనిమిదేళ్ళ అమ్మాయిని, ఐదేళ్ళ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, డిస్నీ సంస్థ ఆ బొమ్మలను మళ్ళీ వెండితెరకు తెచ్చిన 2011 నాటి ‘ది మపెట్స్’ చూశారు. పిల్లలు విరగబడి నవ్వారు, మీకూ ఒకటి రెండు చోట్ల కళ్ళు చెమర్చాయి, అయినా సినిమా అయ్యాక ఏదో వెలితి మిగిలింది. ఆ వెలితి సినిమాలో ఉన్నదా, లేక మీ వయసు తెచ్చిపెట్టినదా అన్నది మీ మొదటి ప్రశ్న. ఆ బొమ్మలలో ముఖ్యుడైన కప్ప కెర్మిట్ గొంతు మారినట్టు అనిపించింది, అది నిజమేనా అన్నది రెండవది. పిల్లలు ఇంకొకటి చూపించమని అడుగుతున్నారు, ఏది చూపించాలి అన్నది మూడవది.

బడిపిల్లలకు చేతిబొమ్మలు కుట్టడం, ఆడించడం చాలా కాలంగా నేర్పుతున్నాను. ఆ పనిలో భాగంగా ఈ సినిమాలను పిల్లలతో కలిసి అనేకసార్లు, ఒక్కోసారి ఒకే సన్నివేశాన్ని ఆపి ఆపి చూసినవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను: వెలితి సినిమాలోనే ఉంది. అయితే అది అశ్రద్ధ వల్ల వచ్చినది కాదు. ఈ సినిమా తీసినవారికి మపెట్స్ అంటే ప్రాణం, ఆ ప్రేమ ప్రతి ఫ్రేములోనూ తెలుస్తుంది. కాకపోతే 1979 నాటి సినిమా కెర్మిట్ కథ; 2011 నాటిది కెర్మిట్‌ను చూస్తూ పెరిగిన ప్రేక్షకుడి కథ. మిమ్మల్ని ఏడిపించినదీ, మీకు వెలితిగా తోచినదీ కూడా ఈ మార్పు నుంచే పుట్టాయి.

ఇది ఎందుకంటున్నానో తెలియాలంటే అసలు మపెట్స్ దేనివల్ల ప్రత్యేకమయ్యాయో కొంచెం చెప్పాలి. జిమ్ హెన్సన్ 1955లో వాషింగ్టన్ నగరంలోని ఒక టీవీ కేంద్రంలో ‘శామ్ అండ్ ఫ్రెండ్స్’ అనే చిన్న కార్యక్రమం మొదలుపెట్టేనాటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. తల్లి పక్కన పడేసిన పాత ఆకుపచ్చ కోటు గుడ్డతో, రెండు ముక్కలుగా కోసిన పింగ్‌పాంగ్ బంతిని కళ్ళుగా పెట్టి ఆయన చేసిన బొమ్మే కెర్మిట్. అప్పటికి అది కప్ప కూడా కాదు, బల్లికి దగ్గరగా ఉండే ఏదో జీవి. కప్ప రూపం తర్వాతి సంవత్సరాలలో స్థిరపడింది. అంతకు ముందు టీవీలో బొమ్మలాట అంటే బొమ్మను ఆడించేవారు ఒక చిన్న వేదిక వెనక దాక్కోవడం, కెమెరా ఆ వేదికను దూరం నుంచి చూపించడం. హెన్సన్ ఆ వేదికను తీసేశారు. టీవీ తెర అంచులే వేదిక అంచులనుకున్నారు. ఆడించేవారు కెమెరా చూపు కిందుగా నిలబడి, చేతిని తల పైకెత్తి, నేల మీద పెట్టిన మానిటర్‌లో తమ బొమ్మ ఎలా కనిపిస్తున్నదో చూసుకుంటూ ఆడిస్తారు. అంటే ప్రేక్షకుడు ఏది చూస్తాడో ఆడించేవారూ అదే చూస్తారు. అందువల్లనే కెర్మిట్ చూపు ఒక్క అంగుళం పక్కకు తప్పినా అప్పటికప్పుడే దిద్దుకోగలిగారు. ఇది రాసినంత తేలిక కాదు. మానిటర్‌లో బొమ్మ అద్దంలో లాగా తిరగబడి కనిపించదు గనుక కుడివైపు జరపాలనుకున్న చెయ్యి ఎడమకు పోతుంది. ఆ తికమక వదిలి చెయ్యి అలవాటు పడటానికి చాలా కాలం పడుతుంది.

కెర్మిట్ తలలో గట్టి చట్రమేదీ ఉండదు. పలుచని గుడ్డ కింద నేరుగా మనిషి చెయ్యే ఉంటుంది. నాలుగు వేళ్ళు పై పెదవికి, బొటనవేలు కింది పెదవికి. వేళ్ళు కొద్దిగా మడిస్తే ముఖం చిన్నబోతుంది, కణుపులు పైకి లేపితే కంగారు పడినట్టు కనిపిస్తుంది, బొటనవేలిని లోపలికి లాగితే పెదవి బిగుస్తుంది. కుడిచెయ్యి తలలో ఉంటే ఎడమచెయ్యి సన్నని కడ్డీలతో బొమ్మ చేతులను కదుపుతుంది. అందుకే మపెట్స్‌లో ఎక్కువ మంది ఎడమచేతివాటం వాళ్ళుగా కనిపిస్తారు. స్వీడిష్ షెఫ్ అనే వంటవాడి వంటి బొమ్మలకు నిజమైన మనిషి చేతులే కావాలి గనుక ఇద్దరు కలిసి ఒకే బొమ్మను ఆడిస్తారు; తలను, గొంతును హెన్సన్ చూసుకుంటే ఆ చేతులు ఆయన తోటి కళాకారుడు ఫ్రాంక్ ఆజ్‌వి. వీళ్ళిద్దరూ ఒకరినొకరు ఇరకాటంలో పెట్టుకుంటూ ఆడించిన సన్నివేశాలలో ఆ బొమ్మ ముఖంలో కనిపించే తత్తరపాటు చాలావరకు అసలైనదే.

మీరు చిన్నప్పుడు చూసిన సినిమా మొదట్లో వచ్చే పాట సన్నివేశాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. బురదమడుగులో ఒక దుంగ మీద కూర్చుని కెర్మిట్ బాంజో వాయిస్తూ పాడతాడు. పాల్ విలియమ్స్, కెన్నెత్ ఆషర్ కలిసి కట్టిన ఆ ‘రెయిన్‌బో కనెక్షన్’ పాట ఆస్కార్ నామినేషన్ పొందింది. చుట్టూ నీళ్ళు, దుంగ మీద కప్ప, మనిషి జాడ ఎక్కడా లేదు. ఆ నీటి అడుగున ఒక ఇనుప తొట్టెలో హెన్సన్ ముడుచుకుని కూర్చున్నారు. గాలి కోసం ఒక గొట్టం, చూసుకోవడానికి ఒక చిన్న మానిటర్, పైన రబ్బరు తొడుగులోంచి బయటికి చాచిన చెయ్యి, అంతే. ఆ ఇరుకులో అంతసేపు ఉండి, పైన మాత్రం ఏ తొందరా లేని ఒక నెమ్మదైన జీవిని చూపించారు. ఆ సినిమాలోనే కెర్మిట్ సైకిలు తొక్కుతాడు. చివరి సన్నివేశంలో 250కి పైగా బొమ్మలు ఒకేసారి తెర మీద నిలబడి పాడతాయి, వాటి కింద గొయ్యిలో వందమందికి పైగా ఆడించేవారు చేతులెత్తి నిలబడి ఉన్నారు. ‘ఇది ఎలా చేశారు’ అని పెద్దలు ఆశ్చర్యపోతుంటే పిల్లలు మాత్రం ఆ ప్రశ్నే వేయరు. వాళ్ళకది కప్ప సైకిలు తొక్కడం, అంతే.

ఆ సినిమా కథలో గమనించవలసింది ఇంకొకటి ఉంది. కెర్మిట్‌కు ఒక కోరిక పుడుతుంది. ఇంట్లో ఉన్నవాడు ఉన్నట్టు హాలీవుడ్‌కు బయలుదేరతాడు. దారిలో ఒక్కొక్కరూ తోడవుతారు, కప్పకాళ్ళ హోటళ్ళు పెట్టాలనుకునే వ్యాపారి వెంటపడతాడు, ఆ వ్యాపారితో తాడోపేడో తేల్చుకోవడానికి కెర్మిట్ తానే ఎదురెళ్ళి నిలబడతాడు. ఎటు వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో ప్రతిచోటా అతనే నిర్ణయిస్తాడు. ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో 1976 నుంచి 1981 వరకు తీసిన 120 భాగాల ‘ది మపెట్ షో’లోనూ ఇదే పద్ధతి. గందరగోళం చేసే పెద్ద బృందాన్ని ఒక చిన్న కప్ప ఎలాగోలా నడిపించుకుంటూ వస్తాడు, అప్పుడప్పుడు సహనం కోల్పోయి చేతులు గాలిలో ఊపుతూ అరుస్తాడు. కెర్మిట్ అంత మంచివాడూ, అంత చిరాకుపడేవాడూ కావడం వల్లనే నాకు అతను మనిషిలా అనిపిస్తాడు.

హెన్సన్ 1990 మే 16న, 53 ఏళ్ళ వయసులో, బాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియాతో హఠాత్తుగా మరణించారు. అంతకు ముందు ఏడాదే మపెట్స్‌ను డిస్నీకి అప్పగించే ఒప్పందానికి ఆయన స్వయంగా వచ్చారు. ఆయన మరణంతో అది ఆగిపోయి, చివరికి 2004లో గాని పూర్తి కాలేదు. ఈ మధ్యలో 1992, 1996, 1999 సంవత్సరాలలో మూడు సినిమాలు వచ్చాయి. ఆ తర్వాత పన్నెండేళ్ళపాటు థియేటర్లలో మపెట్ సినిమా లేదు. 2011 సినిమా కథలో మపెట్స్‌ను లోకం మరిచిపోయిందని అంటారే, అందులో కల్పన కొంతే.

ఆ నిశ్శబ్దాన్ని కదిలించినది నటుడు జేసన్ సీగెల్. 2008లో తాను రాసి నటించిన ఒక హాస్యచిత్రంలో డ్రాక్యులా కథను బొమ్మలతో సంగీతనాటకంగా ప్రదర్శించే సన్నివేశం పెట్టి, ఆ బొమ్మలను హెన్సన్ సంస్థ చేతనే చేయించుకున్నాడు. ఆ ఉత్సాహంతోనే దర్శకుడు నికోలస్ స్టాలర్‌తో కలిసి డిస్నీని ఒప్పించి కొత్త మపెట్ సినిమాకు కథ రాశాడు. దర్శకత్వం జేమ్స్ బాబిన్‌ది, పాటలు చాలావరకు బ్రెట్ మెకెంజీవి. 4.5 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతటా కలిపి సుమారు 16.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అందులోని ‘మ్యాన్ ఆర్ మపెట్’ పాటకు ఆస్కార్ వచ్చింది. పాత సినిమాల పాటలకు నామినేషన్లతోనే ఆగిపోయిన గౌరవం కొత్తదానికి దక్కడం మపెట్స్‌ను ప్రేమించేవారందరికీ సంతోషం కలిగించింది.

ఇక సినిమాలోకి వద్దాం. స్మాల్‌టౌన్ అనే ఊరిలో గ్యారీ, వాల్టర్ అనే అన్నదమ్ములు. గ్యారీ మనిషి, వాల్టర్ బొమ్మ. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తరు. ఏటేటా తలుపు చట్రం మీద ఎత్తు గీస్తుంటే గ్యారీ గీత పైకి పోతూ ఉంటుంది, వాల్టర్ గీత ఉన్నచోటనే ఉంటుంది. ఒక్క మాట లేకుండా చూపించిన ఆ గీతలు ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. తోటివాళ్ళలో ఎవరిలాగానూ లేని ఒక పిల్లవాడు, ఒకరోజు టీవీలో మపెట్ షో చూసి తనలాంటివాళ్ళు ఎక్కడో ఉన్నారని తెలుసుకుంటాడు. పెద్దయ్యాక లాస్ ఏంజెలెస్ వెళ్ళి చూస్తే మపెట్ స్టూడియో పాడుబడి ఉంటుంది, చమురు వ్యాపారి టెక్స్ రిచ్‌మన్ దాన్ని కూల్చి కింద నూనె తవ్వాలని చూస్తుంటాడు. కోటి డాలర్లు పోగుచేస్తే తప్ప థియేటర్ మిగలదు. చెల్లాచెదురైన బృందాన్ని కెర్మిట్ మళ్ళీ ఒక్కటి చేసి, విరాళాల కోసం టీవీలో ప్రదర్శన పెడతాడు.

చూశారా, కథను నడిపించే కోరిక వాల్టర్‌ది. కెర్మిట్ ఆ పెద్ద ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. వచ్చి తలుపు తట్టి, బతిమాలి, లేవదీసినది అభిమానే. మొదట కెర్మిట్ ఇక కుదరదంటాడు. ఆ తర్వాత తన ఇంటి పొడవాటి నడవలో పాత మిత్రుల చిత్రపటాల ముందుగా నడుస్తూ పాడతాడు, పటాలలోనివాళ్ళు ప్రాణం పోసుకుని గొంతు కలుపుతారు. మీకు కళ్ళు చెమర్చినది ఇక్కడేనని అనుకుంటున్నాను, నాకూ ఇక్కడే. ఈ సన్నివేశంలో నిజంగా ఎవరినో పోగొట్టుకున్న బాధ ఉంది. కథ ప్రకారం కెర్మిట్ విడిపోయిన మిత్రులను తలుచుకుంటున్నాడు. చూసేవారికి మాత్రం హెన్సన్, రిచర్డ్ హంట్ వంటి లేని కళాకారులు గుర్తుకు వస్తారు. హంట్ 1992లోనే మరణించారు. స్కూటర్, జానిస్ ఆయన బొమ్మలే. ఆ పాటలో కెర్మిట్ ముఖాన్ని జాగ్రత్తగా చూడండి. ప్రతి పటం దగ్గరా నోరు కొంచెం కొంచెంగా ముడుచుకుంటుంది, పాట చివర పెదవి బిగుసుకుంటుంది. గుడ్డ కింద వేళ్ళు మడవడమే అది, ఇంకేమీ లేదు.

ఇంత బాగున్నదానిలో లోటు ఎక్కడంటే, అభిమాని దృష్టిలోంచి చూస్తే మపెట్స్ మహనీయులవుతారు. మహనీయులను గౌరవిస్తాం, వాళ్ళ జ్ఞాపకాలు తలుచుకుంటాం, వాళ్ళతో తప్పులు చేయించడానికి మాత్రం జంకుతాం. 1979లో కెర్మిట్‌కు పెద్ద కంపెనీవారు ‘పేరూ డబ్బూ’ ఇచ్చే ఒప్పందం రాసిస్తారు, అది కథకు ముగింపు. 2011లో అదే ఒప్పందంలోని షరతు కెర్మిట్ థియేటర్‌ను మింగేయబోతుంది. చక్కని ఆలోచన, పాత సినిమా తెలిసినవారికి గుండె కలుక్కుమంటుంది. అయినా ఆ షరతుకు ఎదురుగా కెర్మిట్ వేసే అడుగులు చాలావరకు ఇతరులు తోసినవే. పాత మిత్రులలో వింత జీవి గాంజో మరుగుదొడ్ల వ్యాపారి, ఎలుగుబంటి ఫాజీ రీనో నగరంలో నకిలీ మపెట్ల బృందంలో హాస్యగాడు, డ్రమ్ములు వాయించే యానిమల్ కోపం తగ్గించుకునే శిబిరంలో, పంది పిగ్గీ పారిస్‌లో ఫ్యాషన్ పత్రిక సంపాదకురాలు. ఒక్కొక్కరూ ఒక్కో సినిమాకు సరిపోయే కథ, వాళ్ళను చకచకా బండి ఎక్కించి ముందుకు వెళ్ళిపోతారు. మిగిలిన సమయంలో మంచి భాగం గ్యారీ, అతను పెళ్ళాడవలసిన మేరీల మధ్య అలకలకు పోతుంది. మేరీగా ఎమీ ఆడమ్స్ ఎంత హాయిగా నటించినా ఆ సమయం మపెట్స్ దగ్గర నుంచి తీసుకున్నదే కదా.

పిగ్గీకి, ఫాజీకి సుమారు పాతికేళ్ళ పాటు ప్రాణం పోసిన ఫ్రాంక్ ఆజ్ ఈ సినిమాలో పాలుపంచుకోలేదు. కథలో ఆ పాత్రలకు తగిన గౌరవం దక్కలేదని ఆయన అప్పట్లో బాహాటంగానే అన్నారు. ఫాజీ చేత అపానవాయువు శబ్దం చేసే బూట్లు తొడిగించి నవ్వించే చోటు మీద కూడా పాతవారి నుంచి అభ్యంతరం వచ్చింది. ఫాజీ జోకులు పేలవంగా ఉంటాయి, పేలవంగా ఉన్నా తన శక్తినంతా పెట్టి చెప్పి దెబ్బతింటాడు, అతని అందమే అది. సులువైన నవ్వు కోసం అతను అడ్డదారి పట్టడు. ఈ విషయంలో నేను పాతవారి పక్షమే. అయితే మొత్తం సినిమాను వాళ్ళంత గట్టిగా నేను తోసిపుచ్చలేను. కళ ముందు తరం చేతిలోంచి తర్వాతి తరం చేతిలోకి వెళ్ళేటప్పుడు ప్రేమతో తప్పు చేసినవారిని క్షమించడం కష్టం కాదు.

గొంతు విషయానికి వస్తే, మీ చెవి సరిగానే పట్టుకుంది. 1990 వరకు కెర్మిట్ హెన్సన్. ఆ తర్వాత హెన్సన్ కుటుంబం కోరిక మీద స్టీవ్ విట్మైర్ ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని 2016 వరకు ఆడించారు. మీరు చూసిన 2011 సినిమాలోని కెర్మిట్ ఆయనే. 2017 నుంచి మాట్ వోగెల్. పిగ్గీ, ఫాజీ, యానిమల్ మూడూ ఆజ్ నుంచి ఎరిక్ జేకబ్సన్‌కు వచ్చాయి. హెన్సన్ కాలం నుంచి తన బొమ్మను తానే ఆడిస్తూ 2011లోనూ కనిపించినవారిలో ముఖ్యులు డేవ్ గోల్జ్. గాంజో గొంతు మీకు మారినట్టు అనిపించకపోవడానికి కారణం అదే. వాల్టర్ పూర్తిగా కొత్త బొమ్మ, పీటర్ లిన్స్ చేతిలో పుట్టాడు, పాత గొంతుతో పోల్చవలసిన బరువు అతనికి లేదు.

హెన్సన్ కెర్మిట్ గొంతులో కొంచెం పొడి ఉంటుంది, మాట మధ్యలో విసుగు తొంగిచూస్తుంది. విట్మైర్ కెర్మిట్ మెత్తన, ఎక్కువ ఓపిక గలవాడు. తేడా గొంతులో ఉన్నదనుకుంటాం గాని, నా అనుభవంలో తేడా ఎక్కువగా చేతిలో ఉంటుంది. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు కెర్మిట్ ఏం చేస్తున్నాడో చూడండి. హెన్సన్ బొమ్మ వింటూ ఉండదు, లోపల ఏదో లెక్క వేసుకుంటూ ఉంటుంది. ఒక్కసారి తల విదిలించి కెమెరా వైపు చూస్తుంది. తర్వాతి కెర్మిట్ నిజంగా వింటాడు. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు రెండు సన్నివేశాలు గొంతు తీసేసి చూపిస్తే, వాళ్ళు చాలాసార్లు తేడా కనిపెడతారు. మీ అమ్మాయితో ఒకసారి ప్రయత్నించండి.

మీరు రెండవసారి ఈ సినిమా చూసేటప్పుడు గమనించదగినది ఇంకొకటి: ఇక్కడ మపెట్స్‌ను కంప్యూటర్‌తో గీయలేదు. కడ్డీలు, ఆడించేవారి ఛాయలు మాత్రమే తర్వాత డిజిటల్‌గా చెరిపారు. గుడ్డ, ఫోమ్, చెయ్యి, ఇవే తెర మీద ఉన్నాయి. 2011 నాటికి బొమ్మలన్నీ కంప్యూటర్‌లో గీయడమే చౌకా సులువూ అనిపించే స్థితి వచ్చేసింది. అప్పుడు ఇలా నిలబడటం చిన్న విషయం కాదు. గ్యారీ వాల్టర్ భుజం మీద చెయ్యి వేస్తే గుడ్డ నొక్కుకుపోతుంది, ఇద్దరి మీదా ఒకే వెలుతురు పడుతుంది, నటుడి కళ్ళు నిజంగా ఎదురుగా ఉన్న కళ్ళలోకి చూస్తాయి. మీ అబ్బాయి వాల్టర్‌ను ముట్టుకోవాలని అన్నాడని మీరు రాశారు. ముట్టుకోగలిగిన వస్తువు కాబట్టే వాడికి అలా అనిపించింది.

ఇక్కడ మన తోలుబొమ్మలాటను ఒక్క మాట తలచుకోవాలి. రామాయణ కథ గంభీరంగా సాగుతుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క మధ్యలో దూరి, కథను ఆపి, ప్రేక్షకులతో నేరుగా మాట్లాడి, ఎకసెక్కాలాడి వెళ్ళిపోతారు. రాముడితో సమానంగా వాళ్ళకోసం కూడా జనం కాచుకుని కూర్చుంటారు. మపెట్స్‌లో స్టాట్లర్, వాల్డార్ఫ్ అనే ఇద్దరు ముసలివాళ్ళు బాల్కనీలో కూర్చుని ప్రదర్శనను తిట్టిపోయడం, పాత్రలు తాము సినిమాలో ఉన్నామని తెలిసి మాట్లాడటం అలాంటివే. ఈ హద్దు దాటే స్వేచ్ఛ 2011 సినిమాలో నిలిచింది; కారులో వెళ్ళడం ఆలస్యమవుతుందని పటం మీద గీత గీసినట్టు ప్రయాణించి సముద్రం దాటే చోటు చూడండి. మన ఇళ్ళలో పిల్లలకు ఇది వెంటనే అర్థం కావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక తర్వాత ఏది చూపించాలన్నది. 2011 సినిమా చూశారు కాబట్టి వెంటనే 1979 సినిమా చూపించండి. నెమ్మదిగా సాగుతుందని భయపడకండి. మడుగులో పాట అయ్యేదాకా మీ ఐదేళ్ళవాడు కదలకుండా కూర్చుంటే మిగతాది దానంతట అదే నడుస్తుంది. అమెరికన్ హాస్యనటులు చిన్న చిన్న పాత్రలలో వస్తూ పోతూ ఉంటారు, వాళ్ళెవరో పిల్లలకు చెప్పనవసరం లేదు. మాటల మీద ఆడే హాస్యం కొంత జారిపోతుంది, జారిపోనివ్వండి; మధ్యలో ఆపి వివరిస్తే నవ్వు చచ్చిపోతుంది.

1992 నాటి ‘ది మపెట్ క్రిస్మస్ కెరోల్’ నా దృష్టిలో హెన్సన్ తర్వాత వచ్చినవాటిలో అత్యుత్తమమైనది. ఆయన కొడుకు బ్రయాన్ హెన్సన్ దర్శకుడు. పిసినారి స్క్రూజ్‌గా మైకేల్ కెయిన్ బొమ్మల మధ్య ఉన్నట్టు గాక, గొప్ప రంగస్థల నటుల మధ్య ఉన్నట్టు ఒక్క క్షణం కూడా పట్టు సడలకుండా నటించాడు. 2011 సినిమాలో మనుషుల పాత్రలు మపెట్స్ వైపు మురిపెంగా చూస్తారు. కెయిన్ మాత్రం కెర్మిట్‌ను తన దగ్గర పనిచేసే గుమాస్తాగా చూసి కసురుతాడు. ఆ కసరడంతో కెర్మిట్ నిజమైన మనిషి అయిపోతాడు. మనిషి నటుడు బొమ్మను ఎలా చూడాలో తెలియాలంటే ఈ రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. చివర్లో భవిష్యత్తును చూపే ముఖం లేని ఆత్మ వస్తుంది, మీ అబ్బాయి భయపడవచ్చు. కథ చెబుతున్న గాంజో, రిజ్జో అనే ఎలుక కూడా ఇక్కడ తమకూ భయంగా ఉందని చెప్పి తప్పుకుని, ఆ భాగం అయ్యాక తిరిగి వస్తారు; వాడి చెయ్యి పట్టుకుని ఆ సంగతి ముందే చెప్పండి.

2014 నాటి ‘మపెట్స్ మోస్ట్ వాంటెడ్’ గురించి పెద్దగా మంచి మాట వినిపించదు. 5 కోట్ల డాలర్లు ఖర్చయితే 8 కోట్లు మాత్రమే వచ్చాయి, ఆ తర్వాత థియేటర్ల కోసం మరో మపెట్ సినిమా తీయలేదు. నేను మాత్రం దాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. మనుషుల కథ వెనక్కి తగ్గి మపెట్స్ మళ్ళీ ముందుకు వచ్చారు, కెర్మిట్‌కు మళ్ళీ చిరాకు వచ్చింది. కెర్మిట్ పోలికలతో ఉన్న కాన్‌స్టంటీన్ అనే దొంగ అతని స్థానంలో దూరతాడు, అసలు కెర్మిట్ సైబీరియా జైలులో పడతాడు; పక్కనే ఉన్న మిత్రులలో యానిమల్ తప్ప ఎవరూ తేడా పసిగట్టరు. చేతులు మారిన కెర్మిట్‌ను ప్రేక్షకులు గుర్తుపడతారా అన్న ప్రశ్ననే కథగా చేసుకున్న ధైర్యం ఇందులో ఉంది. ఆ నకిలీ కెర్మిట్‌ను ఆడించినది మాట్ వోగెల్. మూడేళ్ళ తర్వాత అసలు కెర్మిట్ ఆయన చేతికే వచ్చింది. తీసేనాటికి ఎవరికీ తెలియని ఈ సంగతి తెలిసి చూస్తే మీకు మరింత రుచిస్తుంది.

2015లో అమెరికన్ టీవీలో వచ్చిన పదహారు భాగాల ధారావాహిక పిల్లల కోసం కాదు. కార్యాలయ జీవితాన్ని డాక్యుమెంటరీ లాగా చూపిస్తూ, పెద్దల సంబంధాల మీద నడిపారు. ఒక్క సీజన్‌తో ఆపేశారు. మీ పిల్లలకు ఇప్పుడది వద్దు. దానికి బదులు పాత ‘ది మపెట్ షో’లోంచి ఏరి చూపించండి. ఒక్కో భాగం అరగంట లోపే ఉంటుంది గనుక భోజనానికి ముందు ఒకటి సరిపోతుంది. నటి రీటా మొరెనో అతిథిగా వచ్చిన భాగంలో ఆమె పాడుతుండగా యానిమల్ డ్రమ్ములతో అడ్డం పడతాడు, పిల్లలు దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టమంటారు. గాయకుడు హ్యారీ బెలఫాంటే వచ్చిన భాగం చివర ఆఫ్రికన్ ముసుగుల పోలికలతో చేసిన బొమ్మలతో ఆయన పాడిన పాట మీకోసం. హెన్సన్ సంస్మరణ సభలో కూడా ఆయన అదే పాట పాడారు.

ఒక చిన్న ఇబ్బంది ముందే చెబుతున్నాను. 1984 నాటి ‘ది మపెట్స్ టేక్ మాన్‌హాటన్’, 1999 నాటి ‘మపెట్స్ ఫ్రం స్పేస్’, ఈ రెండింటి పంపిణీ హక్కులు సోనీ చేతిలో ఉన్నాయి గనుక డిస్నీ వేదికలలో దొరకకపోతే విసుగుపడవద్దు, వాటిని వేరుగా అద్దెకు తీసుకోవలసి రావచ్చు. 1999 సినిమాను వదిలేసినా నష్టం లేదు. ఫ్రాంక్ ఆజ్ స్వయంగా దర్శకత్వం వహించిన 1984 సినిమాను మాత్రం మీ అమ్మాయికి పది పన్నెండేళ్ళు వచ్చాక చూపించండి. పెద్ద నగరానికి వెళ్ళి, నాటకం ఎవరూ తీసుకోక, స్నేహితులు తలా ఒక దిక్కుకు పోయే భాగం ఆ వయసులోనే బాగా తలకెక్కుతుంది, 2011 కథకు మూలం అక్కడే ఉన్నదని మీకూ కనిపిస్తుంది.